ఖర్చు తగ్గిందంటున్నారు సరే, హారం ఏది?

మా మేనకోడలు ఒక పోటీ పరీక్షకు చదువుకుంటోంది. మొన్న తన నమూనా ప్రశ్నపత్రం తెచ్చి నా ముందు పెట్టింది. "కింది పేరాను చదివి సరైన జవాబులను గుర్తించండి" అన్న భాగంలో ఆరు ప్రశ్నలుంటే నాలుగు తప్పు పోయాయి. పేరా ఫ్యాక్టరీల గురించి. ఉత్పత్తి పరిమాణం పెరిగేకొద్దీ ఖర్చు ఎలా తగ్గుతుందో చెప్పే నాలుగు వందల మాటల వచనం. నేను పన్నెండేళ్లు ఒక తయారీ సంస్థలో వ్యయ లెక్కల విభాగంలో పనిచేశాను కాబట్టి, ఆ పేరా మీద ఇంట్లో అధికారం నాదేనని తను అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను, నాలుగో ప్రశ్న దాకా.

మొదటి ప్రశ్న: ఉత్పత్తి పెరిగినప్పుడు ఏమవుతుందని రచయిత అంటున్నారు? తను పెట్టిన జవాబు "సంస్థ మొత్తం ఖర్చు తగ్గుతుంది". సరైనది "ఒక్కో వస్తువుపై పడే ఖర్చు తగ్గుతుంది".

"పేరాలో ఖర్చు తగ్గుతుంది అనే ఉంది కదా అత్తయ్యా. నేను అదే పెట్టాను" అంది.

తీసి చూస్తే నిజంగానే ఉంది. రెండో వాక్యంలో బుద్ధిగా "సగటు వ్యయం" అని రాసిన పెద్దమనిషి, ఐదో వాక్యానికి వచ్చేసరికి "ఖర్చు" అని ఊరుకున్నాడు. ఆయన మనసులో సగటు ఉంది, కాగితం మీద లేదు. పిల్ల కాగితాన్నే నమ్మింది. తప్పు ఎవరిదో తేల్చడం నాకంత సులువనిపించలేదు.

కానీ ఆ రోజు కూర్చుని ఆరు ప్రశ్నలూ ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోయాక నాకో సంగతి స్పష్టమైంది. ఇలాంటి పేరాల్లో "ఖర్చు" అనేది ఒక మాట కాదు, ఒక భిన్నం. పైన లవం ఉంటుంది, కింద హారం ఉంటుంది. రాసేవాళ్లు ఎప్పుడూ లవాన్ని మాత్రమే అచ్చు వేస్తారు. హారాన్ని మనమే వెతుక్కోవాలి. ఆరింట్లో కనీసం నాలుగు ప్రశ్నలు, పేరు ఏదైనా సరే, అసలు అడిగేది హారం గురించే. "హారం ఎక్కడుందో చూడు" అన్నప్పుడు తను మెడ తడుముకుని నవ్వింది. ఆ నవ్వు వల్లే కాబోలు, మాట గుర్తుండిపోయింది.

ఇక్కడ నాకొక తగాదా ఉంది. శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ భాగానికి చెప్పే ఉపాయం దాదాపు ఒక్కటే: ముందు ప్రశ్నలు చదవండి, వాటిలోని ముఖ్యమైన మాటలను పట్టుకోండి, ఆ మాటలు పేరాలో ఎక్కడున్నాయో వెతకండి, ఆ వాక్యం చుట్టుపక్కలే జవాబు ఉంటుంది. జీవితచరిత్ర పేరాకో, పక్షుల వలస గురించిన పేరాకో ఇది పనిచేయవచ్చు. ఫలానా సంవత్సరం ఎక్కడుంది, ఫలానా ఊరు ఎక్కడుంది అని వెతికితే దొరుకుతాయి. ఉత్పత్తి పరిమాణం గురించిన పేరాలో మాత్రం ఇది కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదడమే. "ఖర్చు" అన్న మాట పద్నాలుగు చోట్ల ఉంటుంది. మూడు చోట్ల మొత్తం ఖర్చు, ఐదు చోట్ల సగటు ఖర్చు, రెండు చోట్ల యంత్రం కొన్న ఖర్చు, మిగతా చోట్ల ఏదో ఒకటి. మాటను పట్టుకుని వెళ్లినవాడికి పద్నాలుగు తలుపులు కనిపిస్తాయి. ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. తప్పుడు జవాబుల్లోనే వాళ్లు పేరాలోని మాటలను యథాతథంగా వాడతారు. సరైన జవాబును వేరే మాటల్లో చెబుతారు.

అందుకని మేం పేరాను పక్కన పెట్టి ఒక లెక్క వేసుకున్నాం. ఒక ఫ్యాక్టరీ అనుకోండి. షెడ్డుకు, యంత్రానికి, పర్యవేక్షకుడి జీతానికి కలిపి నెలకు 1,00,000 ఖర్చు. ఏ దేశపు నాణెమైనా ఫరవాలేదు. వస్తువు ఒక్కటి కూడా తయారు కాకపోయినా ఈ స్థిర ఖర్చు తప్పదు. ముడిసరుకు, కరెంటు కలిపి ఒక్కో వస్తువుకు 5. నెలకు 1,000 వస్తువులు చేస్తే మొత్తం 1,05,000. ఒక్కోదానికి 105. పది వేలు చేస్తే మొత్తం 1,50,000. ఒక్కోదానికి 15. యాభై వేలు చేస్తే మొత్తం 3,50,000. ఒక్కోదానికి 7. లక్ష చేస్తే మొత్తం 6,00,000, ఒక్కోదానికి 6.

మొత్తం ఖర్చు ఏ దశలోనూ తగ్గలేదు, లక్ష నుంచి ఆరు లక్షలకు పెరిగింది. తగ్గింది సగటు ఒక్కటే. అది కూడా మొదట్లో జారుడుబల్ల మీద జారినట్టు జారి, తర్వాత నత్తలా నడిచింది. ఎన్ని కోట్ల వస్తువులు చేసినా 5 కంటే దిగువకు రాదు. ఈ నాలుగు వరుసలు కాగితం మీద పెట్టేసరికి ఆరు ప్రశ్నల్లో రెండు వాటంతట అవే తేలిపోయాయి. రెండోది "ఉత్పత్తిని నిరవధికంగా పెంచితే సగటు ఖర్చు సున్నాకు చేరుతుంది, అవునా కాదా" అన్నది. పేరాలో దీనికి జవాబుగా ఏ వాక్యమూ లేదు. వెతికితే దొరకదు, లెక్క వేస్తేనే దొరుకుతుంది.

మన పాఠ్యపుస్తకాల భాష మీద కూడా ఒక మాట అనాలి. ఈ విషయాన్ని కొన్ని తెలుగు పుస్తకాల్లో "తరహా ఆదాలు" అంటారు. "తరహా" అంటే మామూలు తెలుగులో రకం, ధోరణి. "ఆ తరహా మనిషి" అంటాం. "చిన్నతరహా పరిశ్రమ" అన్నప్పుడు మాత్రమే ఆ మాట పరిమాణాన్ని సూచిస్తుంది. అక్కడ కూడా "చిన్న" అన్నది పక్కనుండి మోస్తోంది కాబట్టి అర్థమవుతుంది. ఒంటరిగా "తరహా ఆదాలు" అంటే "ఏదో రకమైన పొదుపులు" అనుకున్న విద్యార్థిని నేను తప్పు పట్టను. "ఆదా" సంగతి మరీ ఘోరం. ఆదా అంటే జేబులో మిగిలిన డబ్బు. పెద్ద ఫ్యాక్టరీ కట్టినవాడి జేబు ఖాళీ అవుతుంది, అప్పు కూడా మిగులుతుంది. తగ్గేది ఒక్కో వస్తువు మీద పడే భారం. ఆదా అన్న మాట విన్నప్పుడల్లా పిల్ల మొత్తం ఖర్చు తగ్గిందనుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? నేనైతే "పెద్ద పరిమాణం వల్ల కలిసొచ్చేది" అని చెప్పి ఊరుకుంటాను. మార్కులు రావు, అర్థం మాత్రం అవుతుంది.

ఇంతవరకూ చెప్పిన లెక్కలో కూడా ఒక మోసం ఉంది. ఉన్న యంత్రాన్ని ఖాళీగా ఉంచకుండా నడిపితే సగటు తగ్గడం ఒక సంగతి. యంత్రాన్నే పెద్దది చేస్తే, షెడ్డునే పెద్దది చేస్తే సగటు తగ్గడం ఇంకో సంగతి. ఆర్థికశాస్త్రం పరిమాణపు లాభం అని ఖచ్చితంగా పిలిచేది ఈ రెండోదాన్నే. అంటే ఏదీ స్థిరంగా లేని, భవనంతో సహా అన్నింటినీ మార్చుకోగల దీర్ఘకాలపు లెక్క. మొదటిది ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవడం మాత్రమే. మన పేరా రచయిత రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేశాడు, చాలామంది కలిపేస్తారు. ప్రశ్నలో "దీర్ఘకాలంలో" అన్న మాట కనిపిస్తే మాత్రం జాగ్రత్త పడాలి. అది అలంకారం కోసం పెట్టిన మాట కాదు.

మూడో ప్రశ్న గుండుసూదుల గురించి. ఈ విషయం మీద ఏ పేరా తీసుకున్నా గుండుసూది గుచ్చుకోకుండా బయటపడలేం. 1776లో ఆర్థికవేత్త ఆడం స్మిత్ ఇచ్చిన ఉదాహరణ అది. సూది తయారీని సుమారు 18 పనులుగా విడగొట్టారు: ఒకరు తీగ లాగుతారు, ఒకరు తిన్నగా చేస్తారు, ఒకరు కోస్తారు, ఒకరు మొన తీరుస్తారు, ఇంకొకరు తల అతికించడానికి పైకొసను సాన పడతారు. పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు చేశారు. తలకు 4,800. పని నేర్చుకోనివాడు ఒంటరిగా కూర్చుంటే రోజుకు 20 కూడా చేయలేడు, ఒక్కటి చేయడమే గొప్ప అంటాడు స్మిత్. ఇరవై అనుకున్నా 240 రెట్ల తేడా.

ప్రశ్న: ఈ ఉదాహరణ దేన్ని నిరూపిస్తుంది? మా పిల్ల పెట్టినది "పెద్ద ఫ్యాక్టరీలు చిన్నవాటికంటే మెరుగైనవి". తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ఆ సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నదాన్ని చూడాలి. పదిమంది! ఒక గదిలో సరిపోయే మనుషులు. స్మిత్ తాను చూసిన ఆ పని స్థలం చిన్నదనీ, యంత్ర సామగ్రి అంతంతమాత్రమనీ చెప్పాడు కూడా. 48,000 అన్న సంఖ్య కళ్లు చెదరగొట్టడంతో పది మీద ఎవరి చూపూ నిలవదు. ఆ ఉదాహరణ నిరూపించేది పని విభజన బలాన్ని. పరిమాణం దాని వెనకాల వస్తుంది. ఎలా వస్తుందో స్మిత్ వేరేచోట చెప్పాడు: పని విభజన ఎంత దూరం వెళ్లగలదన్నది అంగడి, అంటే మార్కెట్, ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉంటుంది. రోజుకు రెండు వందల సూదులే అమ్ముడయ్యే చోట పదిమందిని పద్దెనిమిది పనుల మీద కూర్చోబెట్టి లాభం లేదు. మళ్లీ హారమే. ఈసారి అది కొనేవాళ్ల సంఖ్య.

యాభై ఆరేళ్ల తర్వాత, 1832లో, చార్లెస్ బాబేజ్ దీనికి ఒక పదునైన చేర్పు చేశాడు. గణన యంత్రాల బాబేజే. పనిని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు ఎంత నైపుణ్యం కావాలో అంతే కొనుక్కోవచ్చు అన్నాడు. అన్ని పనులూ ఒకడే చేయాలంటే, వాటిలో అతి కష్టమైన పని వచ్చినవాడికి ఇచ్చే జీతాన్ని అతి తేలిక పనికి కూడా ఇవ్వాలి. ఇది వేగం గురించిన మాట కాదు, జీతం గురించిన మాట. పేరాలో స్మిత్ ఉండి, జవాబుల్లో బాబేజ్ ఆలోచన ఉంటే అది ఉచ్చు అని గ్రహించాలి. నేను చెప్పగానే తను ఆ ఉచ్చును గుర్తుపట్టింది. మూడో ప్రశ్నలో "ఆ" జవాబు అచ్చం అదే.

ఇక నాలుగో ప్రశ్న. నేను బోర్లాపడిన చోటు.

పేరాలో మూడు కారణాలు చెప్పారు: పని విభజన, ముడిసరుకును టోకుగా కొనడం, పెద్ద యంత్రాలు. "పేరా ప్రకారం ఈ కింది వాటిలో ఏది కారణం?" అని ప్రశ్న. జవాబుల్లో ఒకటి రవాణా. పెద్ద సంస్థ లారీ నిండా సరుకు పంపగలదు, చిన్న సంస్థ సగం ఖాళీ లారీ పంపుతుంది. పన్నెండేళ్లు ఆ లారీల బిల్లులు చూసినదాన్ని, ఆలోచించకుండా అదే గుర్తించాను. అది నిజం కాబట్టి గుర్తించాను. పేరాలో మాత్రం లేదు. మేనకోడలు మర్యాదగా నవ్వు ఆపుకుని, "పేరా ప్రకారం అని ఉంది అత్తయ్యా" అంది. బయటి జ్ఞానాన్ని లోపలికి తేవద్దన్న శిక్షకుల నియమాన్ని నేను ఆ క్షణం దాకా వెక్కిరిస్తూ వచ్చాను. సరే, ఒప్పుకున్నాను. "పేరా ప్రకారం" అని గిరి గీసిన చోట గిరి దాటకూడదు. తెలిసినవాళ్లకే అక్కడ ప్రమాదం ఎక్కువ.

అయినా ఆ నియమాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేదు. మేం వేసిన నాలుగు వరుసల లెక్క బయటి జ్ఞానం కాదు. "సగటు" అన్న మాటకు అర్థమే అది. మాట అర్థం తెలుసుకోవడాన్ని కూడా బయటి జ్ఞానం కింద జమ కడితే ఇక చదవడమన్నది లేదు, గుర్తుపట్టడమే మిగులుతుంది.

పెద్ద యంత్రాలు అన్న మూడో కారణం దగ్గర బొమ్మ గీయడం ఎంత పనికొస్తుందో చూడండి. పేరాలో "పెద్ద ట్యాంకులు, బట్టీలు, గొట్టాలు వాడే పరిశ్రమలకు ఈ లాభం ఎక్కువ" అని ఒక వాక్యం ఉంది, కారణం చెప్పలేదు. ఒక గజం భుజం ఉన్న ఘనాకారపు తొట్టి గీయండి. ఆరు ముఖాలు, ఆరు చదరపు గజాల రేకు, ఒక ఘనపు గజం సరుకు. ఇప్పుడు భుజాన్ని రెండు గజాలు చేయండి. రేకు 24 చదరపు గజాలు, అంటే నాలుగు రెట్లు. సరుకు ఎనిమిది రెట్లు. రేకుకు డబ్బు పెడతాం, సరుకును అమ్ముకుంటాం. వేడి కూడా ఉపరితలం గుండానే పోతుంది కాబట్టి పెద్ద బట్టీ తన పరిమాణానికి తక్కువ వేడిని పోగొట్టుకుంటుంది. రసాయన కర్మాగారాలు కట్టే ఇంజనీర్లకు దీని మీద ఒక కొండగుర్తు ఉంది: సామర్థ్యం రెట్టింపు చేస్తే నిర్మాణ ఖర్చు రెట్టింపు కాదు, సుమారు ఒకటిన్నర రెట్లే అవుతుంది. దీన్ని పదింట ఆరు వంతుల ఘాతాంకం నియమం అంటారు, రెండుకు 0.6 ఘాతం వేస్తే 1.52 దగ్గర వస్తుంది. చమురు శుద్ధి కర్మాగారాలు కొండల్లా ఎందుకు పెరుగుతాయో ఆ తొట్టి బొమ్మ చెబుతుంది. బట్టలు కుట్టే చోట ఈ సూత్రం పనిచేయదు. రెట్టింపు కుట్టాలంటే రెట్టింపు మిషన్లు, రెట్టింపు మనుషులు కావాలి. కుట్టుమిషన్‌ను రెండింతల పొడుగు చేసి ప్రయోజనం లేదు. "కింది పరిశ్రమల్లో దేనికి పరిమాణం వల్ల లాభం తక్కువ?" అన్న ఐదో ప్రశ్నకు జవాబు ఈ బొమ్మలో ఉంది, పేరాలో లేదు. శిక్షకులు దీన్ని "అనుమితి ప్రశ్న" అంటారు. పేరు పెట్టినంత మాత్రాన దారి చూపించినట్టు కాదు.

ఫోర్డ్ గురించిన భాగం గబగబా దాటేయవచ్చు, అందులో ఒక్క మెలిక తప్ప. 1908లో 850 డాలర్ల దగ్గర మొదలైన మోడల్ టి కారు ధర 1920ల మధ్యకు 300 డాలర్ల లోపుకు దిగింది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే లైను పెట్టాక, ఒక చాసిస్ (కారు అడుగు చట్రం) కూర్చడానికి పట్టే శ్రమ పన్నెండున్నర గంటల దగ్గర నుంచి గంటా ముప్పైమూడు నిమిషాలకు వచ్చింది. 1914 జనవరిలో రోజు కూలిని రెట్టింపు చేసి ఐదు డాలర్లు ప్రకటించారు. మెలిక ఇక్కడ ఉంది. "కూలి రెట్టింపు కావడంతో కారు తయారీకి అయ్యే కూలి ఖర్చు పెరిగింది" అన్న మాట చూడటానికి ఎంత బుద్ధిగా ఉంటుందో! కూలి అన్నది మనిషికి ఇచ్చేది, ఖర్చు అన్నది బండి మీద పడేది. శ్రమ ఎనిమిదో వంతుకు తగ్గి కూలి రెండింతలైతే, ఆ పని వరకు బండికి పడే కూలి నాలుగో వంతు. ఒకే డబ్బుకు రెండు హారాలు. ఈ ఒక్క మెలికను మాత్రం మేనకోడలు నన్ను అడగకుండానే ఛేదించింది.

నా అనుభవంలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన సంగతి వేరే ఉంది. ఇది ఏ పేరాలోనూ రాదు.

సగటు ఖర్చు తగ్గడం మంచిదని అందరికీ ఒకసారి తలకెక్కితే, దాన్ని తగ్గించడానికి అన్నిటికంటే తేలిక మార్గం ఎక్కువ తయారుచేయడం. అమ్మడం కాదు, తయారుచేయడం. పై లెక్కనే తీసుకోండి. వస్తువు అమ్మకం ధర 12, నెలకు 10,000 అమ్ముడవుతాయి. పది వేలే చేస్తే ఒక్కోదానికి ఖర్చు 15, నెలకు 30,000 నష్టం. పై అధికారి అలిగాడు. మర్నెల యాభై వేలు చేశారు. ఒక్కోదానికి 7. అమ్ముడయింది పది వేలే. ఆ పది వేల మీద 12కు 7 తీసేస్తే, లెక్కల పుస్తకంలో 50,000 లాభం! అదే నెలలో చేతి నుంచి పోయింది 3,50,000, వచ్చింది 1,20,000. మిగతా నలభై వేల వస్తువులు గోదాములో దుమ్ము కొట్టుకుంటూ, పుస్తకంలో 2,80,000 విలువైన ఆస్తిగా వెలుగుతుంటాయి. ఇలాంటి నెలను నేను చూశాను. నివేదిక మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని. "సగటు వ్యయంలో గణనీయమైన తగ్గుదల" అన్న వాక్యం కూడా నాదే. అప్పట్లో ఆ వాక్యం రాసినందుకు సంతోషపడ్డాను కూడా.

సూదుల దగ్గర స్మిత్ చెప్పిన అంగడి హద్దు ఇదే. పేరాలు రాసేవాళ్లు "ఉత్పత్తి పెరిగితే" అంటూ పోతారు, "అమ్మకం పెరిగితే" అనరు. హారంలో తయారైన సంఖ్య పెట్టాలా, అమ్ముడైన సంఖ్య పెట్టాలా అన్నది చిన్న తేడాలా కనిపిస్తుంది. గోదాము అద్దె కట్టినవాళ్లను అడగండి. అంతర్జాతీయ లెక్కల ప్రమాణాల్లో సరుకు విలువకు సంబంధించిన రెండో నంబరు ప్రమాణం (ఐఏఎస్ 2) ఈ ఇబ్బందిని సగమే ఆపుతుంది: స్థిర ఖర్చును మామూలు సామర్థ్యాన్ని బట్టి పంచాలి, యంత్రాలు ఖాళీగా ఉన్న నెలలో ఆ భారాన్ని వస్తువుల మీదకు నెట్టకుండా ఆ నెల ఖర్చుగానే చూపాలి అంటుంది. మామూలు కంటే విపరీతంగా ఎక్కువ చేసినప్పుడు కూడా ఒక్కో దాని మీద పడే వాటాను తగ్గించాలనే చెబుతుంది. గోదాములోని దుమ్ము గురించి వేరే నిబంధన ఉంది: అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువ విలువ చూపకూడదు. కానీ వస్తువు ధర 12, ఖర్చు 7 అయినప్పుడు ఆ నిబంధన కూడా చూస్తూ ఊరుకుంటుంది, ఎవరూ కొనరని తేలేదాకా.

ఆరో ప్రశ్న పేరాలోని చివరి భాగం మీద. "అయితే" అని మొదలయ్యే భాగం. సంస్థ మరీ పెద్దదైతే సమన్వయం కష్టమై సగటు ఖర్చు మళ్లీ పెరుగుతుందని అక్కడ రెండు వాక్యాల్లో ముగించారు. నిజానికి దీనికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. కొన్నిచోట్ల పెద్ద బ్యాచ్ అవసరమన్నదే ఒక అలవాటు. రేకును ఆకారంలోకి నొక్కే ప్రెస్సులో డై (అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పడితే, మార్చిన తర్వాత వేల సంఖ్యలో ముక్కలు కొట్టక తప్పదు, లేకుంటే ఆ నాలుగు గంటల ఖర్చు కొద్ది ముక్కల మీదే పడుతుంది. టయోటాలో 1969లో షిగియో షింగో అనే జపాన్ ఇంజనీరు వెయ్యి టన్నుల ప్రెస్సుకు పట్టే ఆ నాలుగు గంటలను ముందు గంటన్నరకు, చివరికి మూడు నిమిషాలకు తెచ్చాడు. యంత్రం ఆగాక చేసే పనుల్లో, అది నడుస్తుండగానే చేయగలిగినవాటిని ముందుకు జరపడం అందులో కీలకం. హారాన్ని పెంచకుండా లవాన్నే కోసేశాడు. అలా అయ్యాక చిన్న బ్యాచ్ కూడా చవకే. పెద్దదే చవక అన్న పేరా మొత్తం కింద నేల కదిలినట్టే.

ఇంకో పొరపాటు కూడా ఈ చివరి భాగంలోనే దాగి ఉంటుంది. ఇప్పుడు ఎక్కువ చేస్తున్నందుకు చవక కావడం వేరు, ఇప్పటిదాకా ఎక్కువ చేసినందుకు చేయి తిరిగి చవక కావడం వేరు. 1936లో థియోడోర్ రైట్ అనే అమెరికన్ ఇంజనీరు విమానాల తయారీని గమనించి, మొదటినుంచి చేసిన మొత్తం విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ సుమారు 20 శాతం తగ్గుతోందని చూపాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా కట్టిన 2,710 లిబర్టీ సరుకు ఓడలు దీనికి పేరుమోసిన ఉదాహరణ. తొలి ఓడలకు నెలలు పడితే, తర్వాత సగటున ఆరు వారాలకు వచ్చింది. రేపు ఉత్పత్తిని సగం చేస్తే పరిమాణపు లాభం పోతుంది, చేతికొచ్చిన నేర్పు అంత తొందరగా పోదు. ఒకదానికి హారం ఈ నెల, ఇంకోదానికి హారం చరిత్ర. ఓడల లెక్కల్ని తర్వాత తిరగదోడిన ఆర్థికవేత్తలు, నేర్పు అని చెప్పుకున్నదాంట్లో కొంత కొత్త యంత్రాల మీద పెట్టిన పెట్టుబడిదేనని చూపారు. వాళ్లకే ఇంత కష్టమైతే, పద్దెనిమిదేళ్ల పిల్లకు ఒకటిన్నర నిమిషంలో రెండింటినీ విడదీయమనడం కొంచెం అన్యాయం.

"ఇదంతా బాగానే ఉంది, పరీక్షలో అంత సమయం ఎక్కడుంటుంది అత్తయ్యా?" అని అడగనే అడిగింది. న్యాయమైన ప్రశ్న. తొట్లు గీస్తూ కూర్చుంటే గంట కొడతారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. పరీక్ష గదిలో గీయనక్కర్లేదు, ఇంట్లో పది పేరాలకు గీస్తే చాలు. పేరాలు వేరైనా లోపల ఉండే భిన్నాలు నాలుగైదే. సమయం తక్కువ కాబట్టి మాటల్ని వెతుక్కోమనే సలహా మీద నా ఫిర్యాదు కూడా ఇదే. అది పరీక్ష రోజుకు పనికొచ్చే చిట్కా కావచ్చు గాక, చదువుకునే ఏడాది మొత్తానికి దాన్నే పాఠంగా చెబుతున్నారు.

ప్రశ్నపత్రం తయారుచేసినవాళ్లను కూడా ఊరికే వదలను. ఆరో ప్రశ్న "ఉత్పత్తి పెరిగితే ఖర్చు తగ్గుతుంది: సరైనదా, కాదా?" అని ఉంది. జవాబుల పట్టిక ప్రకారం సరైనది. మొదటి ప్రశ్నలో "మొత్తం ఖర్చు" అన్నందుకు మార్కు కోసినవాళ్లు, ఆరోదానికి వచ్చేసరికి తామే ఏ ఖర్చో చెప్పడం మరిచిపోయారు. చివరి భాగంలో "అయితే" అని తామే అన్న మాట కూడా మరిచిపోయారు. మొదటి ప్రశ్నలో దెబ్బతిన్న మా పిల్ల ఈసారి "కాదు" అని పెట్టింది. నేనైనా అదే పెట్టేదాన్ని. ఆ మార్కు నేను వేశాను, పెన్సిలుతో.

చివర్లో పుస్తకం మూస్తూ ఫోర్డ్ గురించి ఇంకేమైనా చెప్పమంది. 1927లో మోడల్ టి ఆపేసి కొత్త కారుకు మారేటప్పుడు ఫ్యాక్టరీని నెలల తరబడి మూయాల్సి వచ్చిందని, కోటిన్నర దాకా తయారైన ఆ ఒకే బండి కోసం అమర్చిన లైను ఇంకో బండికి తేలిగ్గా మారలేకపోయిందని చెప్పాను. తను కొంచెంసేపు ఆలోచించింది.

"ఆ మూసేసిన నెలల్లో స్థిర ఖర్చు ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"బండ్లు సున్నా. మరి ఒక్కో బండికి సగటు ఖర్చు ఎంత?"

సున్నాతో భాగించకూడదని ఐదో తరగతిలోనే చెబుతారని అన్నాను. అలాంటప్పుడు మా విభాగంలో ఆ మొత్తాన్ని ఏ వస్తువు మీదా వేయకుండా విడిగా ఒక వరుసలో రాసేవాళ్లమని కూడా చెప్పాను. ఆ వరుస పేరేమిటని అడిగింది. "ఖాళీ సామర్థ్యం" అన్నాను. పేరా పక్కన ఖాళీ స్థలంలో రాసుకుని, కింద ఒక అడ్డగీత గీసి, గీత కింద సున్నా పెట్టింది.